ముందు గోడ కొలవండి, తర్వాతే ప్రొజెక్టర్

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ చూస్తే ఎక్కువ మంది అడిగింది అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్ల గురించే, అంటే గోడకి జానెడు దూరంలో టీవీ స్టాండ్ మీద పెడితే పైకి 100 అంగుళాల బొమ్మ వేసే ఆ పెట్టె గురించి. అందుకే ఈసారి మొత్తం వాటికే ఇచ్చేశాను. అందరూ అడిగింది "ఏ మోడల్ కొనాలి" అని, నేను మాత్రం దాదాపు అందరికీ గోడ గురించీ స్క్రీన్ గురించీ చెప్పాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

*

ప్రశ్న: సార్, మాది నిజాంపేటలో 3 బీహెచ్‌కే ఫ్లాట్, ఈమధ్యే గృహప్రవేశం అయింది. హాలు 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. సోఫాకీ టీవీ గోడకీ మధ్య 11 అడుగులు వస్తుంది. మధ్యలో సీలింగ్ ఫ్యాన్ ఉంది కాబట్టి పైన బిగించే ప్రొజెక్టర్ వద్దనుకున్నాం. 120 అంగుళాలు కావాలని పిల్లల పట్టు. బెన్‌క్యూ వీ7050ఐ, ఫోర్మూవీ థియేటర్, ఎప్సన్ ఎల్‌ఎస్800, ఈ మూడింటి దగ్గర ఆగిపోయాను. ఏది తీసుకోమంటారు? టీవీ యూనిట్ కార్పెంటర్‌తో ముందే చేయించేశాం, లోతు 16 అంగుళాలు, ఎత్తు 22 అంగుళాలు.
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట మీరు చివర్లో రాశారండి, ఆ 16 అంగుళాల లోతు. మూడు మోడళ్లూ పక్కన పెట్టి ఒకసారి టేపు తీసుకుని ఆ గోడ దగ్గరకి రండి.

ఈ ప్రొజెక్టర్లకి త్రో రేషియో అని ఒక అంకె ఉంటుంది, లెన్స్ నుంచి గోడ దాకా ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది. ఫోర్మూవీకి 0.23, ఎప్సన్ ఎల్‌ఎస్800కి 0.16. 120 అంగుళాల బొమ్మ వెడల్పు 266 సెంటీమీటర్లు, దాన్ని 0.23తో గుణిస్తే 61 సెంటీమీటర్లు. లెన్స్ పెట్టె మధ్యలో ఎక్కడో ఉంటుంది కాబట్టి పెట్టె వెనక అంచుకీ గోడకీ మధ్య సుమారు 30 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి, దానికి పెట్టె లోతు 35 నుంచి 40 సెంటీమీటర్లు కలపండి, మొత్తం 70 దగ్గరికి వస్తుంది. మీ యూనిట్ 40 సెంటీమీటర్లే. అంటే ప్రొజెక్టర్ ముప్పావు వంతు గాల్లో ఉంటుందన్నమాట, లేదా యూనిట్‌నే గోడ నుంచి అడుగు ముందుకి జరపాలి. హైదరాబాద్‌లో ఇంటీరియర్ వాళ్లు చేసే టీవీ యూనిట్లు చాలావరకు ఇదే 16, 18 అంగుళాల లోతుతో వస్తాయి, టీవీ గోడకి తగిలిస్తారు కదా లోతెందుకు అనే లెక్క అది. ప్రొజెక్టర్ కొని ఇంటికి తెచ్చాక ఈ సంగతి బయటపడి, పాలిష్ వాసన కూడా పోని యూనిట్‌ని పీకించిన వాళ్లు నాకు తెలుసు.

ఇక ఎత్తు. మీ యూనిట్ 56 సెంటీమీటర్లు, దానిమీద ప్రొజెక్టర్ 15, ఆపైన బొమ్మ మొదలయ్యేదాకా ఖాళీ సుమారు 30 (మోడల్ని బట్టి మారుతుంది, కంపెనీ వాళ్ల చార్టులో కచ్చితంగా ఉంటుంది చూసుకోండి). అంటే బొమ్మ కింది అంచే నేల నుంచి మీటరు ఎత్తులో ఉంటుంది. 120 అంగుళాల బొమ్మ ఎత్తు 149 సెంటీమీటర్లు, పై అంచు రెండున్నర మీటర్లకి వెళ్తుంది. ఫాల్స్ సీలింగ్ 9 అడుగుల్లో ఉంటే అంటే 274 సెంటీమీటర్లు, పడుతుంది కానీ, సోఫాలో కూర్చున్న మనిషి కన్ను మీటరుకి కాస్త పైన ఉంటుంది, బొమ్మ మధ్యభాగం 175 దగ్గర ఉంటుంది. మూడు గంటల సినిమా అలా తలెత్తి చూస్తే మొదటి బెంచీలో కూర్చున్నట్టే. ఇంట్లో పెద్దవాళ్లుంటే అసలు కుదరదు.

అందుకని నా మాట విని 100 అంగుళాలకి దిగండి. వెడల్పు 221, ఎత్తు 125. 0.23 రేషియోతో లెన్స్ దూరం 51 సెంటీమీటర్లు, వెనక ఖాళీ 20 చాలు, స్టాండ్ లోతు 60 ఉంటే సరిపోతుంది. ఎత్తు 25 సెంటీమీటర్ల పొట్టి స్టాండ్ చేయించుకోండి, అప్పుడు బొమ్మ 70 దగ్గర మొదలై 195 దగ్గర ముగుస్తుంది, మధ్యభాగం 130. కంటికి హాయిగా ఉంటుంది. దూరం కూడా చూడండి, థియేటర్‌లో మంచి సీట్లో కూర్చున్నట్టు 40 డిగ్రీల కోణం రావాలంటే 100 అంగుళాలకి 10 అడుగులు, 120కి 12 అడుగులు. మీకున్నది 11. పిల్లలకి ఈ లెక్క చెప్పడం కంటే గోడ మీద పెయింటర్లు వాడే పేపర్ టేపుతో 100 అంగుళాల డబ్బా గీసి రెండ్రోజులు ఉంచండి, వాళ్లే ఒప్పుకుంటారు. చాలా ఇళ్లలో ఇదే పని చేసింది.

మీ మూడు మోడళ్ల సంగతి ఇప్పుడు. యూనిట్ పీకడం ససేమిరా ఇష్టం లేకపోతే ఎప్సన్ ఒక్కటే దారి, 0.16 కాబట్టి గోడకి బాగా దగ్గరగా కూర్చుంటుంది, పైగా 4000 ల్యూమెన్లు (ఎంత వెలుతురు వేస్తుందో చెప్పే కొలత), సాయంత్రం లైట్లు వేసుకుని క్రికెట్ చూసే ఇల్లయితే అదే. ఎత్తు సమస్య మాత్రం దానితోనూ ఉంటుంది, యూనిట్ కాళ్లయినా కోయించాలి. రాత్రిళ్లు లైట్లాపి సినిమాలే ఎక్కువ చూస్తారంటే ఫోర్మూవీలో నలుపు బాగుంటుంది, సీను సీనుకీ వెలుతురూ రంగులూ సర్దే డాల్బీ విజన్ కూడా ఉంది, 2800 ల్యూమెన్లు. బెన్‌క్యూ 2500 ల్యూమెన్లు, రంగులు ఫ్యాక్టరీ నుంచే నికరంగా వస్తాయి. మూడూ మంచివే, మీ స్టాండే తేల్చాలి.

*

ప్రశ్న: అన్నా, మాది ఉప్పల్. ప్రొజెక్టర్ తీస్కుందామనుకుంటున్న, బడ్జెట్ మొత్తం దానికే అయిపోతుంది. షాపాయన స్క్రీన్ కూడా తీస్కోవాలె, లేకపోతే వేస్ట్ అంటున్నడు, దాని రేటు ప్రొజెక్టర్‌ల మూడోవంతు ఉంది. గోడకు మంచిగ తెల్ల పెయింట్ ఏస్తే సరిపోదా? ఊకె అమ్మనీకె చెప్తున్నడా ఏంది?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: లేదు తమ్ముడూ, ఈ విషయంలో ఆయన చెప్పింది నిజం. నేను కూడా నీలాగే అనుకుని మొదటి ఆర్నెల్లు తెల్ల గోడ మీదే చూశాను, అందుకే చెప్తున్నా.

ప్రొజెక్టర్ నలుపు రంగు వెయ్యలేదు, అది గుర్తుపెట్టుకో. వెలుతురు వెయ్యకుండా వదిలేసిన చోటే నలుపు. అంటే ప్రొజెక్టర్ ఆన్‌లో లేనప్పుడు మీ గోడ ఎంత తెల్లగా కనిపిస్తుందో అదే మీ సినిమాలో నలుపు. పగలు మూడింటికి హాల్లో కూర్చుని గోడ చూడు, అంత తెల్లదనం మీద హీరో నల్ల చొక్కా ఎలా కనిపిస్తుంది? బూడిద రంగులో కనిపిస్తుంది. ఎన్ని ల్యూమెన్లున్నా ఇది మారదు.

అల్ట్రా షార్ట్ త్రో కోసం చేసే స్క్రీన్ దగ్గర నుంచి చూస్తే నున్నగా ఉండదు, అడ్డంగా రంపం పళ్లలాగ సన్నటి గీతలుంటాయి. ప్రతి పన్నుకీ కింది వైపు వెలుతురుని నీ కంటికి పంపే పూత, పై వైపు నల్ల పూత. ప్రొజెక్టర్ వెలుతురు కింద నుంచి వస్తుంది కాబట్టి అది సోఫా వైపు తిరుగుతుంది, సీలింగ్ లైటు పై నుంచి వస్తుంది కాబట్టి నలుపులో ఇంకిపోతుంది. మొత్తం మహిమ అంతే. షాపుకి వెళ్లినప్పుడు ఫోన్ టార్చ్ వేసి స్క్రీన్ పైనుంచి కిందికి కొట్టు, స్క్రీన్ చీకటిగా కనిపించాలి, అదే టార్చ్ కింద నుంచి పైకి కొడితే మెరిసిపోవాలి. గోటితో నెమ్మదిగా మూల మీద పైకీ కిందికీ గీస్తే గరగరమంటుంది, అడ్డంగా గీస్తే జారిపోతుంది. షాపతనిని అడిగి శాంపిల్ ముక్క మీదే చెయ్యి, అసలు స్క్రీన్ మీద గోరు పెట్టొద్దు.

ఈ టార్చ్ పరీక్ష నేను ఒక దెబ్బ తిన్నాక నేర్చుకున్నది. తెల్ల గోడ విసుగొచ్చి స్క్రీన్ కొందామని వెళ్తే ఒక షాపులో వెలుతురు తట్టుకునే స్క్రీన్ అని చెప్పి ఇచ్చారు, ఇంటికొచ్చి బిగిస్తే బొమ్మ గోడ మీదకంటే డల్లుగా ఉంది. రెండ్రోజులు ప్రొజెక్టర్ చెడిపోయిందనుకుని సర్వీస్ వాళ్ల వెంట పడ్డాను. అసలు సంగతేంటంటే అది సీలింగ్‌కి బిగించే ప్రొజెక్టర్‌కి చేసిన స్క్రీన్, ఎదురుగా దూరం నుంచి వచ్చే వెలుతురునే తిప్పి పంపుతుంది, కింద నుంచి ఏటవాలుగా వచ్చే మన ప్రొజెక్టర్ వెలుతురుని కూడా అది బయటి లైటే అనుకుని ఆపేస్తోంది. రెండిటి పేర్లూ డబ్బా మీద దాదాపు ఒకేలా ఉంటాయి. బిల్లు మీద "అల్ట్రా షార్ట్ త్రో కోసం" అని రాయించుకోకుండా డబ్బులు కట్టొద్దు.

డబ్బులు చాలకపోతే ఒక తరగతి తక్కువ ప్రొజెక్టర్ తీసుకుని మంచి స్క్రీన్ పెట్టుకో. లేదా ఇప్పుడు ప్రొజెక్టర్ కొని, రాత్రిళ్లు మాత్రమే గోడ మీద చూస్తూ, దసరాకో దీపావళికో స్క్రీన్ తెచ్చుకో. ఆ మధ్యకాలానికి గోడ లప్పం సరిగ్గా ఉందో లేదో చూసుకో, రాత్రి లైట్లాపి ఫోన్ టార్చ్‌ని గోడకి ఆనించి పైకి వెలిగించు, ఎక్కడెక్కడ పెయింటర్ చెయ్యి ఆడిందో కొండలూ లోయల్లాగ కనపడతాయి. అవన్నీ సినిమాలోనూ కనపడతాయి. పెయింట్ మ్యాట్ ఫినిష్ వెయ్యించు, మెరిసేది వద్దు.

*

ప్రశ్న: ప్రొజెక్టర్ మంచిదే కొన్నాం, పాత ఇంట్లో వాడిన మోటార్‌తో కిందికి దిగే స్క్రీన్ ఉంది కదా అని దానిమీదే వేస్తున్నాం. బొమ్మ పై భాగంలో అలలు అలలుగా వస్తోంది, క్రికెట్‌లో బౌండరీ లైన్ పాములాగ వంకర్లు తిరుగుతోంది. కీస్టోన్ సెట్టింగ్‌లో ఎంత సరిచేసినా పోవట్లేదు. ప్రొజెక్టర్ వెనక్కి ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: ప్రొజెక్టర్‌లో ఏ తప్పూ లేదమ్మా, ఇవ్వకండి. తప్పు ఆ గుడ్డది.

పది అడుగుల దూరం నుంచి వచ్చే వెలుతురు స్క్రీన్‌కి సూటిగా తగులుతుంది, గుడ్డ కాస్త ముందుకి ఉబ్బినా బొమ్మ అక్కడే ఉంటుంది. ఇక్కడ అలా కాదు, లెన్స్ స్క్రీన్‌కి అర మీటరు ముందుంటుంది, పై అంచు దానికి మీటరున్నర ఎత్తులో ఉంటుంది, అంటే వెలుతురు గోడని రాసుకుంటూ పైకి పాకుతుంది. గుడ్డ పైన 1 మిల్లీమీటరు ముందుకొచ్చినా అక్కడ బొమ్మ దాదాపు 3 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. ఫ్యాన్ గాలికి గుడ్డ ఊగితే చెప్పక్కర్లేదు. మీకు నాలుగు వైపులా ఫ్రేమ్‌కి బిగించే ఫిక్స్‌డ్ స్క్రీన్ కావాలి, లేదా కింద పెట్టె నుంచి పైకి లేచే రకం, అది వెనకనున్న కడ్డీలతో గుడ్డని లాగి పట్టుకుంటుంది. రెండోది ఖరీదు బాగా ఎక్కువ, పూజ గదో అద్దాల షోకేసో గోడ మీద ఉండి ఫ్రేమ్ బిగించలేని ఇళ్లకే అవసరం.

కొత్త స్క్రీన్ బిగించాక సెట్టింగ్స్‌లో కీస్టోన్ మొత్తం సున్నాకి తెచ్చేయండి. అది బొమ్మని సాగదీసి సరిచేస్తుంది, దానివల్ల అక్షరాల అంచులు మెత్తబడతాయి, కొన్ని మోడళ్లలో గేమ్ ఆడేటప్పుడు ఆలస్యం కూడా పెరుగుతుంది. చేత్తోనే సరిచెయ్యండి. ముందు స్టాండ్ మీద రసమట్టం పెట్టి చూడండి, తర్వాత ప్రొజెక్టర్ కింద ఉన్న స్క్రూ కాళ్లు తిప్పండి. ఇది ఎంత సున్నితమంటే పెట్టెని గోడ నుంచి 1 సెంటీమీటరు ముందుకి జరిపితే బొమ్మ వెడల్పు 4 సెంటీమీటర్లకి పైగా పెరుగుతుంది. మా ఇంట్లో బిగించిన రోజు ఒక మూల వేలెడు కిందికి ఉంటే ఎడమ కాలు పావు చుట్టు తిప్పాను, ఆ మూల సరిపోయింది, అవతలి మూల లేచింది, అలా గంటన్నర పట్టింది. ఒకళ్లు స్క్రీన్ దగ్గర నిలబడి చెప్తుంటే ఇంకొకళ్లు తిప్పాలి, ఒక్కళ్ల వల్ల అయ్యే పని కాదు. అయిపోయాక స్టాండ్ మీద పెట్టె నాలుగు మూలలా చిన్న టేపు ముక్కలు అంటించుకోండి, దుమ్ము తుడిచేటప్పుడు పక్కకి జరిగినా మళ్లీ అక్కడే పెట్టొచ్చు.

*

ప్రశ్న: ట్రిపుల్ లేజర్ అని ఒకటి, సింగిల్ లేజర్ అని ఒకటి చెప్తున్నారు, ఆన్‌లైన్‌లో కొన్ని చిన్న కంపెనీలవి 9000 ల్యూమెన్లు అని కూడా ఉన్నాయి, పెద్ద కంపెనీలేమో 2500 అంటున్నాయి. ఏది నమ్మాలి? 4కే అని రాసినవన్నీ నిజంగా 4కేనా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: 2500నే నమ్మండి. ఆన్సీ ల్యూమెన్స్ లేదా ఐఎస్ఓ ల్యూమెన్స్ అని రాసుంటేనే అది తెర మీద కొలిచిన అంకె. ఉత్తి ల్యూమెన్స్ అనో, ఎల్ఈడీ ల్యూమెన్స్ అనో ఉంటే ఆ అంకెని లెక్కలోకే తీసుకోవద్దు.

2500 అంటే ఎంత అని మీరే లెక్కేసుకోవచ్చు. 100 అంగుళాల స్క్రీన్ వైశాల్యం 2.75 చదరపు మీటర్లు. మన స్క్రీన్ గెయిన్, అంటే పడిన వెలుతురుని కంటివైపు ఎంత తిప్పి పంపుతుందో చెప్పే అంకె, 0.6 అనుకుంటే తెర మీద వచ్చే వెలుతురు సుమారు 170 నిట్లు (తెర ఎంత కాంతిగా కనిపిస్తుందో చెప్పే కొలత). అదే 120 అంగుళాలకి పోతే వైశాల్యం 44 శాతం పెరుగుతుంది, వెలుతురు 120 నిట్లకి పడిపోతుంది. సినిమా హాళ్లకి డిజిటల్ ప్రొజెక్షన్ ప్రమాణం 48 నిట్లే, కానీ అక్కడ కటిక చీకటి. మీ హాల్లో బాల్కనీ తలుపు నుంచి వచ్చే ఎండకి 170 కూడా చాలదు. కర్టెన్ మీద పెట్టే ఖర్చు ల్యూమెన్ల మీద పెట్టే ఖర్చు కంటే ఎక్కువ పని చేస్తుంది, పైనుంచి వచ్చే లైటుని స్క్రీన్ ఆపుతుంది గానీ పక్క కిటికీ వెలుతురుని ఆ రంపం పళ్లు ఆపలేవు. బ్లాక్‌అవుట్ కర్టెన్ తప్పదు.

ట్రిపుల్ లేజర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ విడివిడి లేజర్లు. సింగిల్‌లో ఒక్క నీలం లేజరే, దాన్ని ఫాస్ఫర్ అనే, వెలుతురు రంగు మార్చే పూత మీద కొట్టి మిగతా రంగులు పుట్టిస్తారు. ట్రిపుల్‌లో రంగుల పరిధి బాగా ఎక్కువ, హైసెన్స్ పీఎక్స్1 ప్రో లాంటివి బీటీ 2020 అనే రంగుల ప్రమాణం పరిధిని దాదాపు మొత్తం చూపిస్తాయి. పెళ్లి పాటలో పట్టుచీర ఎరుపు, పొలాల పచ్చ, వీటిలో తేడా తెలుస్తుంది. కాకపోతే ఒకే రంగు పెద్దగా పరుచుకున్న చోట, ఆకాశం లాంటి చోట, మిలమిలమని ఇసుక చల్లినట్టు కొందరికి కనిపిస్తుంది, దాన్ని స్పెకిల్ అంటారు, ఇలాంటి రంపం పళ్ల స్క్రీన్ మీద కొంచెం ఎక్కువగానే కనిపిస్తుంది. డెమోలో ఆకాశం సీను, హాకీ మైదానం సీను అడిగి వేయించుకోండి.

4కే సంగతికొస్తే, వీటిలో చాలా డీఎల్‌పీ మోడళ్లలో (చిన్న చిన్న అద్దాల చిప్‌తో బొమ్మ వేసేవి) ఉండేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల 0.47 అంగుళాల చిప్. దానిమీద ఉన్న అద్దాలు 1920 అడ్డం, 1080 నిలువు, అంటే ఫుల్ హెచ్‌డీయే. వాటి బొమ్మని ఒక్కో ఫ్రేమ్‌కి నాలుగుసార్లు కొంచెం కొంచెం పక్కకి జరిపి వేస్తారు, నాలుగు రెట్లు కలిపి సుమారు 83 లక్షల చుక్కలు తెర మీద పడతాయి. కన్ను వాటిని ఒకే బొమ్మగా చూస్తుంది. దీన్ని మోసం అననక్కర్లేదు, పది అడుగుల నుంచి తేడా పట్టుకోవడం కష్టం.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ చెప్పకపోతే తప్పు. ఒకే చిప్ డీఎల్‌పీలో రంగులు ఒకదాని తర్వాత ఒకటి వేగంగా వస్తాయి, కన్ను చటుక్కున పక్కకి తిప్పితే కొందరికి ఇంద్రధనుస్సు చారలు కనిపిస్తాయి, కొందరికి తలనొప్పి కూడా వస్తుంది. చాలామందికి ఏమీ ఉండదు. అందుకని డెమోకి ఒక్కరే వెళ్లకండి, ఇంట్లో అందరినీ తీసుకెళ్లండి, నల్లటి తెర మీద తెల్లటి టైటిల్స్ వేయించి కళ్లు ఎడమకీ కుడికీ తిప్పమనండి. ఒక్కరికి కనిపించినా ఎప్సన్ వాళ్ల త్రీ ఎల్‌సీడీ వైపు వెళ్లండి, మూడు రంగులూ ఒకేసారి పడతాయి కాబట్టి అందులో ఈ బాధ లేదు.

*

ప్రశ్న: సర్, మణికొండలో 14వ అంతస్తు మాది. ఇప్పుడు 98 అంగుళాల టీవీలు కూడా వస్తున్నాయి కదా, ప్రొజెక్టర్ అవసరమా ఇంక?
– ఒక పాఠకుడు, మణికొండ

జవాబు: పగలంతా టీవీ నడిచే ఇల్లయితే, మీటింగులూ సీరియళ్లూ క్రికెట్టూ అన్నీ దానిమీదే అయితే, టీవీయే తీసుకోండి, మొహమాటం లేకుండా చెప్తున్నా. వెలుతురులో టీవీకి ప్రొజెక్టర్ సాటి రాదు, నలుపు కూడా టీవీలోనే గట్టిగా ఉంటుంది.

కానీ ఆర్డర్ పెట్టేముందు లిఫ్ట్ కొలవండి. 98 అంగుళాల టీవీ ఒక్కటే 2.2 మీటర్ల వెడల్పు, డబ్బాతో కలిపి ఇంకా ఎక్కువ, దాన్ని పడుకోబెట్టకూడదు కూడా. ప్యాసింజర్ లిఫ్ట్‌లో పట్టదు, సర్వీస్ లిఫ్ట్ ఉంటే దాని లోపలి ఐమూల కొలత తీసుకోండి, లేకపోతే 14 అంతస్తుల మెట్ల మలుపుల్లో నలుగురు మోసుకురావాలి. ఇల్లు మారినప్పుడు మళ్లీ అదే తంతు. ఫిక్స్‌డ్ ఫ్రేమ్ స్క్రీన్ అయితే కడ్డీలు ముక్కలుగా, గుడ్డ చుట్టగా వస్తుంది, ప్రొజెక్టర్ చంకలో పెట్టుకుని తెచ్చుకోవచ్చు. ఫ్రెనెల్ అని ఇంకో రకం స్క్రీన్ ఉంది, పక్క వెలుతురుని కూడా ఆపుతుంది, బొమ్మ ఇంకా కాంతిగా ఉంటుంది, కాకపోతే వాటిలో కొన్ని పలకలాగ ఒకే ముక్కగా వస్తాయి, వాటికి కూడా ఈ లిఫ్ట్ లెక్కే. పైగా ఫ్రెనెల్‌ని ఎదురుగా కూర్చునే చూడాలి, పక్కకి పోయేకొద్దీ మసకబారుతుంది. మన ఇళ్లల్లో ఆదివారం సినిమా అంటే ముగ్గురు సోఫాలో, ఇద్దరు దివాన్ మీద, పిల్లలు కింద చాప మీద, డైనింగ్ టేబుల్ దగ్గర నుంచి ఒకరు చూస్తారు, అందుకే నేను రంపం పళ్ల రకమే మంచిదంటాను.

రాత్రి భోజనాలయ్యాక లైట్లాపి సినిమా చూడడమే మీ ఇంటి సరదా అయితే ప్రొజెక్టర్ ఇచ్చే అనుభూతి వేరు. తెర మీద నుంచి తిరిగొచ్చే వెలుతురు కంటిని పొడవదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమాలు చూస్తూ పెరిగినవాణ్ని, నాకు ఆ వెలుతురే కావాలి, టీవీ ఎంత పెద్దదైనా అది రాదు.

*

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, లెన్స్ పైకి చూస్తూ ఉంటుంది కదా, తొంగి చూస్తే కళ్లకేమైనా అవుతుందా? ఇంకోటి, మా ఇంట్లో బల్లులు చాలా ఎక్కువ.
– ఒక పాఠకురాలు, అల్వాల్

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. ఆ వెలుతురులోకి నేరుగా చూడకూడదు, పాపే కాదు పెద్దవాళ్లు కూడా. ఈ మోడళ్లలో చాలావాటికి ఎవరైనా దగ్గరికి వస్తే కనిపెట్టి వెలుతురు తగ్గించే సెన్సర్ ఉంటుంది. మీరు కొనే మోడల్‌లో అది ఉందో లేదో డెమోలోనే చెయ్యి అడ్డం పెట్టి చూడండి, ఇంటికొచ్చాక సెట్టింగ్స్‌లో అది ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి, మాటిమాటికీ స్క్రీన్ డిమ్ అవుతోందని కొందరు దాన్ని ఆపేస్తుంటారు. పిల్లలున్న ఇంట్లో ఆపొద్దు. స్టాండ్ కూడా పాప ఎక్కలేనట్టు, లాగినా కదలనట్టు గోడకి బిగించుకోండి.

బల్లుల గురించి నవ్వుకుంటారు గానీ ఇది నిజమైన సమస్యే. వానాకాలం మొదటి వానలకి ఉసిళ్లు లేస్తాయి కదా, చీకటి గదిలో ఈ ఒక్క వెలుతురే ఉంటుంది, అన్నీ లెన్స్ మీదికే వస్తాయి, వాటి వెనకే బల్లి స్క్రీన్ మీదికి. లెన్స్ దగ్గర చిన్న దోమ ఎగిరినా తెర మీద కాకి నీడంత పడుతుంది. కిటికీలకి దోమతెరలు వేయించండి. చూడడం అయిపోగానే లెన్స్ చల్లారనిచ్చి పైన గుడ్డ కప్పండి, నడుస్తున్నప్పుడు కప్పొద్దు, పక్కల ఉన్న గాలి కన్నాలకి ఏదీ అడ్డం పెట్టొద్దు. లెన్స్ మీద దుమ్ము ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, ఆ తర్వాతే కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డ, అద్దాలు తుడిచే స్ప్రే మాత్రం కొట్టకండి, పైట చెంగుతో అస్సలు తుడవకండి. స్క్రీన్ మీద బల్లి రెట్ట పడితే ఎండనిచ్చి మెత్తటి బ్రష్‌తో అడ్డంగా, ఆ గీతల వెంబడే దులపండి, పైకీ కిందికీ రుద్దితే పళ్లు అరిగి అక్కడ మచ్చ ఉండిపోతుంది.

*

మిగతా చిన్న ప్రశ్నలు వరసగా చెప్పేస్తాను.

లేజర్ ఎన్నాళ్లొస్తుందని మల్కాజ్‌గిరి నుంచి అడిగారు. కంపెనీలు సాధారణంగా 20,000 గంటలు చెప్తాయి, అంటే వెలుతురు సగానికి తగ్గేదాకా. రోజుకి 4 గంటలు చూస్తే 13 ఏళ్లు దాటుతుంది. పాత ప్రొజెక్టర్లలాగ ల్యాంప్ మార్చే గొడవ లేదు.

సౌండ్‌బార్ ఎక్కడ పెట్టాలని మియాపూర్ నుంచి. ప్రొజెక్టర్ ముందు పెట్టండి, వెనక పెడితే వెలుతురుకి అడ్డమొస్తుంది. ఎత్తు మాత్రం పెట్టె కంటే తక్కువ ఉండాలి. హెచ్‌డీఎంఐలో ఈఆర్క్ అని రాసున్న పోర్టుకే కలపండి, అప్పుడే అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే శబ్దం) పూర్తిగా వస్తుంది. హోమ్ థియేటర్ మొత్తం పెట్టుకుని సెంటర్ స్పీకర్ స్క్రీన్ వెనక దాస్తామంటే ఈ స్క్రీన్లలో నుంచి శబ్దం రాదు, కిందే చోటు చూసుకోవాలి. స్పీకర్ వైరు కోఠీ గుజరాతీ గల్లీలో మీటర్ల లెక్కన కొనుక్కోవచ్చు, రాగి తీగా కాదా అని చివర కోసి చూసి తీసుకోండి.

ప్రొజెక్టర్‌లో నెట్‌ఫ్లిక్స్ రావట్లేదని ఇద్దరు రాశారు. చాలా మోడళ్లకి ఆ యాప్ అధికారికంగా ఉండదు, ఫైర్ స్టిక్ 4కే లాంటిది ఒకటి తగిలించండి, కొనేటప్పుడే ఆ ఖర్చు కలుపుకోండి.

ఎండాకాలం కరెంటు పోతే ఏం చెయ్యాలని వనస్థలిపురం నుంచి. ఇన్వర్టర్ మీద నడపొచ్చు, కాకపోతే అది ప్యూర్ సైన్ వేవ్‌ది అయ్యుండాలి, వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే ఆ వైపు పెట్టండి, కరెంటు పోయినప్పుడు ప్రొజెక్టర్ ఆగకుండా ఉంటుంది. ప్రొజెక్టర్ వెనక స్టిక్కర్ మీద వాట్లు చూసి, సౌండ్‌బార్‌వి కూడా కలిపి, ఇన్వర్టర్ మోస్తుందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

పాత కొటేషన్ పట్టుకుని బేరమాడుతున్న వాళ్లకి ఒక్క మాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో ఏ శాతం వేశారో చూసుకోండి. బిల్లు లేకుండా తక్కువకి ఇస్తామని చైనా వెర్షన్లు అంటగట్టే వాళ్ల దగ్గరికి వెళ్లొద్దు, మెనూ చైనీస్‌లో ఉంటుంది, వారంటీ ఇక్కడ చెల్లదు, లోపల లెన్స్ మీద దుమ్ము చేరితే విప్పే దిక్కు కూడా ఉండదు.

ఇంకా రాయాలనుకునే వాళ్లు దయచేసి గోడ వెడల్పు, సీలింగ్ ఎత్తు, సోఫా దూరం, స్టాండ్ లోతు, కిటికీ ఏ వైపు ఉందో రాసి పంపండి. పగలు లైట్లు వెయ్యకుండా తీసిన హాలు ఫోటో ఒకటి పెడితే ఇంకా మంచిది.